తోమా దర్శనమిస్తే తోమా సువార్త రుజువవుతుందా?

సంపాదకులకు,

మీ ఆదివారం అనుబంధంలో ఈమధ్య ‘దాచిన సువార్తల’ గురించి (యేసు గురించి రాసినా బైబిల్లో చేరని ప్రాచీన గ్రంథాల గురించి) ఒక వ్యాసమూ, ఆ తర్వాత దాన్ని సమర్థిస్తూ ఒక పాఠకుడి లేఖా వచ్చాయి. బైబిల్లో ఏ పుస్తకాలు ఉండాలో 325లో నికయ సభలో కూర్చున్న బిషప్పులు చక్రవర్తి ఒత్తిడికి లొంగి తేల్చారనీ, తమకు గిట్టని సువార్తలను అప్పుడే తొక్కిపెట్టారనీ వ్యాసకర్త రాశారు. లేఖ రాసిన పెద్దమనిషి అంతకంటే ముందుకు వెళ్లి, ఉపవాస ప్రార్థనలో ఉండగా యేసు ముఖ్య శిష్యుల్లో (అపొస్తలుల్లో) ఒకడైన తోమా తనకు కనిపించి తోమా సువార్త తానే రాశానని చెప్పాడనీ, అందువల్ల పండితుల వాదాలతో ఇక పని లేదనీ, నమ్మనివారు అవిశ్వాసులనీ ప్రకటించారు. ఆయన అనుభవాన్ని నేను తక్కువ చేయను. ప్రార్థనలో ఒక మనిషికి ఏం కలిగిందో బయటివారు తేల్చగలిగే విషయం కాదు. అయితే ఆ అనుభవాన్ని ఒక గ్రంథ కర్తృత్వానికి ధ్రువపత్రంగా చూపడం న్యాయం కాదనీ, ఈ చిక్కును రెండో శతాబ్దపు ఆ గ్రంథాలే మనకంటే ముందు, ఎంతో నిజాయితీగా ఎదుర్కొన్నాయనీ చెప్పడానికి ఈ లేఖ రాస్తున్నాను.

ముందు నికయ సంగతి. క్రీస్తు తండ్రియైన దేవునితో సమానుడు కాడన్న ఏరియస్ బోధను ఆ సభ ఖండించింది, ఈస్టర్ పండుగ అందరూ ఒకే రోజున చేయాలని నిర్ణయించింది, 20 నియమాలు చేసింది. ఆ ఇరవైలో ఒక్కటి కూడా బైబిలు పుస్తకాల జాబితాకు సంబంధించింది కాదు. సువార్తలు నాలుగేనని అంతకు దాదాపు 150 ఏళ్ల ముందే, 180 ప్రాంతంలో, లియోన్ బిషప్పు ఇరేనియస్ గట్టిగా వాదించి ఉన్నాడు. నేడు మనం చదివే కొత్త నిబంధనలోని 27 పుస్తకాలు, ఒకటి ఎక్కువా తక్కువా కాకుండా, మొదటిసారి కనిపించేది 367లో అలెగ్జాండ్రియా బిషప్పు అథనాసియస్ తన సంఘాలకు పంపిన ఈస్టర్ లేఖలో. ఏ పుస్తకాన్ని ఏ ఊరి సంఘం ఆరాధనలో చదువుతోంది, అది వారికి ఎవరి చేతుల మీదుగా వచ్చింది, అందులోని బోధ అపొస్తలుల నుంచి విన్నదానితో పొసగుతోందా అన్న విచారణ ఈ రెండు తేదీల మధ్య తరతరాలుగా సాగింది. అణచివేత అసలే లేదని నేను అనను. అపొస్తలుల పేర్లతో చెలామణిలో ఉన్న గ్రంథాలను నిషేధించడమే కాక కాల్చివేయాలని రోము బిషప్పు లియో 447లో స్పెయిన్‌లోని ఒక బిషప్పుకు రాశాడు. అది తప్పేనని నా అభిప్రాయం. కానీ ఆ గ్రంథాల్లో చాలా వాటిని తిరగరాసేవారు లేకపోవడం వల్లనే అవి మనకు దక్కకుండా పోయాయి. మన తాళపత్రాల గతి తెలిసినవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు.

అన్నీ కనుమరుగు కాలేదు కూడా. మన ఊళ్లలో క్రిస్మస్‌కు కట్టే పశువుల పాకలో బాలయేసు తొట్టి పక్కన ఎద్దునూ గాడిదనూ పెడతాం. లూకా సువార్తలో ఆ రెండూ లేవు. యెషయా మొదటి అధ్యాయంలోని ఒక మాటను పట్టుకొని, అవి ఆ శిశువుకు మొక్కాయని కథగా చెప్పింది మత్తయి పేరుతో లాటిన్‌లో వెలువడిన ఒక అపోక్రిఫా (బైబిల్లో చేరని) సువార్త. కతోలికులు జూలై 26న పండుగ చేసే, యేసు తల్లి మరియ తల్లిదండ్రులైన యోవాకీము, అన్నమ్మల పేర్లు నాలుగు సువార్తల్లో ఎక్కడా కనిపించవు. అవి యాకోబు పేరు మీద ఉన్న రెండో శతాబ్దపు గ్రంథం నుంచి వచ్చాయి. పేతురును తలకిందులుగా సిలువ వేశారన్నది ‘పేతురు కార్యములు’ చెప్పిన కథ. సంఘం ప్రమాణంగా స్వీకరించని పుస్తకాల నుంచి కూడా విశ్వాసులు ఇంత తీసుకున్నారు. ఇక్కడే ఇంకొక గందరగోళాన్ని తొలగించడం అవసరం: తెలుగు కతోలిక బైబిల్లో ఉండి ప్రొటెస్టెంట్ బైబిల్లో లేని తోబీతు, యూదితు, మక్కబీయుల వంటి గ్రంథాలు వేరు, ఈ సువార్తలు వేరు. తోమా సువార్త ఆ రెండు బైబిళ్లలోనూ లేదు. మీ వ్యాసంలో ఈ రెండు రకాలనూ ఒకే గాటన కట్టడం వల్ల చాలామంది పాఠకులు తికమక పడి ఉంటారు.

తోమా సువార్త మన చేతికి ఎలా వచ్చిందో చూద్దాం. 1945 డిసెంబరులో ఎగువ ఈజిప్టులోని నాగ్ హమ్మాది దగ్గర, ఎరువు మట్టి కోసం తవ్వుతున్న రైతులకు ఒక మట్టి కూజా దొరికిందని చెబుతారు. అందులో తోలు అట్టలు కట్టిన పాపిరస్ పుస్తకాలున్నాయి. ఇవాళ కైరోలోని కోప్టిక్ మ్యూజియంలో భద్రంగా ఉన్న ఆ 13 పుస్తకాల్లో (ఒకదానికి కొన్ని ఆకులే మిగిలాయి) మొత్తం 52 రచనలున్నాయి. ఒక అట్ట గట్టిపడేందుకు లోపల అంటించిన చిత్తు కాగితాల మీద 341, 346, 348 సంవత్సరాల తేదీలు కనిపించాయి కనుక ఆ ప్రతులు నాలుగో శతాబ్దం నడిమికాలానివని తేలింది. రెండో పుస్తకంలో, ఆనాటి ఈజిప్టు క్రైస్తవుల కోప్టు భాషలో, 114 వాక్కులతో ఉన్నదే తోమా సువార్త. అందులో యేసు జననం లేదు, సిలువ లేదు, పునరుత్థానం లేదు. యేసు చెప్పినట్టుగా వాక్కులు మాత్రమే ఉన్నాయి, వాటిలో సగానికి పైగా మత్తయి, మార్కు, లూకాల్లోని మాటలకు దగ్గరగా ఉంటాయి. దీని గ్రీకు తునకలు అంతకు ముందే, 1897లోనూ 1903లోనూ, ఆక్సిరింకస్ అనే ప్రాచీన పట్టణపు చెత్త దిబ్బల్లో గ్రెన్‌ఫెల్, హంట్ అనే ఇద్దరు ఇంగ్లీషు పండితులకు దొరికాయి. వాటిలో పాతది 200 ప్రాంతానిది. అంటే ఈ గ్రంథం రెండో శతాబ్దంలోనే ఉండేదనడానికి చేతిలో పట్టుకోగలిగిన ఆధారం ఉంది. కొన్ని వాక్కులు మొదటి శతాబ్దానికి చెందినవేననే పండితులున్నారు, కాదనేవారూ ఉన్నారు. ఆ వాదన పాపిరస్ వయసు మీద, భాష మీద, ఇతర సువార్తలతో పోలికల మీద నడుస్తుంది. ఒకరికి కలిగిన దర్శనం అందులో ఏ పక్షానికీ ఆధారం కాలేదు. స్త్రీలకు సమాన స్థానం ఇచ్చిన సువార్తగా మీ వ్యాసకర్త దీన్ని కొనియాడారు. శిష్యురాలు మరియను (యేసు తల్లి కాదు, మగ్దలేనే మరియ అని సాధారణంగా భావిస్తారు) మన మధ్య నుంచి వెళ్లిపొమ్మనమని పేతురు అడిగితే, ఆమెను పురుషుడిగా చేస్తానని యేసు బదులిచ్చే చివరి వాక్కును కూడా పాఠకుల ముందు పెట్టి ఉంటే బాగుండేది.

ఇక ఆ లేఖ రాసిన పెద్దమనిషి తప్పక చూడవలసింది ఇదే గ్రంథంలోని 13వ వాక్కు. నేను ఎవరిని పోలి ఉన్నానో చెప్పండని యేసు శిష్యులను అడుగుతాడు. నీతిమంతుడైన దూతలా ఉన్నావని పేతురు, జ్ఞానియైన తత్త్వవేత్తలా ఉన్నావని మత్తయి అంటారు. నువ్వు ఎవరిలా ఉన్నావో చెప్పడానికి నా నోరు చాలదని తోమా అంటాడు. అప్పుడు యేసు అతన్ని పక్కకు తీసుకుపోయి మూడు మాటలు చెబుతాడు. తిరిగివచ్చిన తోమాను, ఏం చెప్పాడని తోటివారు చుట్టుముడతారు. ఆ మాటల్లో ఒక్కటి మీకు చెప్పినా మీరు రాళ్లు తీసుకొని నన్ను కొడతారు, ఆ రాళ్లలోంచి నిప్పు పుట్టి మిమ్మల్ని కాలుస్తుంది అని తోమా జవాబిస్తాడు. ఆ మూడు మాటలేమిటో ఆ గ్రంథం ఎక్కడా చెప్పదు. తోమా పేరుతో వెలసిన పుస్తకంలోని తోమా తనకు ఏకాంతంలో అందినదాన్ని తోటి శిష్యుల నోరు మూయించడానికి వాడుకోలేదు. వాళ్లు అడిగినా బయటపెట్టలేదు. ఈ పుస్తకాన్ని ప్రేమించేవారికి దానిలోని తోమా నడవడి కూడా ప్రమాణం కావాలి కదా!

ఆ మగ్దలేనే మరియ పేరు మీదిదిగా భావించే మరియ సువార్త ఈ ప్రశ్నను మరింత సూటిగా ఎత్తుకుంది. 1896లో కైరోలో ఒక జర్మన్ పండితుడు కొన్న కోప్టు ప్రతిలో అది ఉంది; అచ్చులోకి రావడానికి 1955 దాకా పట్టింది. మొదటి ఆరు పేజీలు లేవు, మధ్యలో మరో నాలుగు పేజీలు లేవు. ప్రభువు వెళ్లిపోయిన తర్వాత భయంతో ఏడుస్తున్న శిష్యులకు మరియ ధైర్యం చెబుతుంది. మేము వినని మాటలు నీకు తెలిసి ఉంటే చెప్పమని పేతురే ఆమెను అడుగుతాడు. తాను ప్రభువును దర్శనంలో చూశానని చెబుతూ ఆమె తాను అడిగిన ప్రశ్నను కూడా వివరిస్తుంది: ప్రభువా, దర్శనం చూసేవాడు దాన్ని ప్రాణంతో చూస్తాడా, ఆత్మతో చూస్తాడా? ఈ రెండింటితోనూ కాదు, ఈ రెంటికీ నడుమ ఉన్న మనస్సుతో చూస్తాడని జవాబు మొదలవుతుంది. సరిగ్గా అక్కడే పేజీలు పోయాయి. దర్శనం అంటే ఏమిటన్న ప్రశ్నకు ఆ కాలపు ఒక సంఘం ఇచ్చుకున్న సమాధానం అలా సగంలో తెగి మనకు మిగిలింది. నా చదువులో ఇంతగా బాధపెట్టిన లోపం మరొకటి లేదు. పేజీలు మళ్లీ మొదలయ్యేసరికి ఆమె చెప్పడం పూర్తికావస్తుంది. ఇవి వింత బోధలు, రక్షకుడు ఇలా చెప్పాడంటే నేను నమ్మనని అంద్రెయ అంటాడు. మాకు తెలియకుండా ఒక స్త్రీతో రహస్యంగా మాట్లాడాడా అని పేతురు అడుగుతాడు. మరియ ఏడుస్తుంది, ఇదంతా నేను నా మనసులో కల్పించుకున్నానని అనుకుంటున్నావా, రక్షకుని గురించి అబద్ధమాడుతున్నానా అని పేతురును నిలదీస్తుంది. పేతురూ, నువ్వెప్పుడూ కోపిష్ఠివే, ఆయన ఆమెను యోగ్యురాలిగా చేసి ఉంటే కాదనడానికి నువ్వెవరివి అని లేవి అడ్డుపడతాడు. ఈ గ్రంథం రాసినవారు మరియ పక్షానే ఉన్నారు. అయినా అంద్రెయ సందేహాన్ని దాచలేదు, చెరిపేయలేదు. దర్శనం చూసినవారికి కన్నీరు ఎంత నిజమో, విన్నవారికి సందేహం అంత సహజమని వారికి తెలుసు.

ప్రామాణిక పక్షంలో ఉన్నవారు కూడా ఈ గ్రంథాలను కళ్లు మూసుకొని తోసిపుచ్చలేదు. 200కు కాస్త అటూ ఇటూగా అంతియొకయ బిషప్పుగా ఉన్న సెరాపియన్ ఉదంతాన్ని చరిత్రకారుడు యూసేబియస్ భద్రపరిచాడు. రోస్సస్ అనే ఊరి సంఘం పేతురు సువార్తను చదువుకుంటామంటే సెరాపియన్ మొదట అది చూడకుండానే సరేనన్నాడు. తర్వాత ప్రతి తెప్పించుకొని స్వయంగా చదివాడు. చాలా భాగం సరైన బోధేనని, కొన్ని మాత్రం చేర్పులని చెప్పి, ఆ చేర్పులను ఎత్తి రాశాడు. పేతురునూ ఇతర అపొస్తలులనూ క్రీస్తునే స్వీకరించినట్టు స్వీకరిస్తాం గాని వారి పేరు తగిలించిన రాతలను మాత్రం పరీక్షించే తోసివేస్తాం అన్నది ఆయన మాటల సారాంశం. పేతురు మీద భక్తి వేరు, పేతురు పేరున్న కాగితం వేరు. ఆ సువార్తలో ఒక పెద్ద భాగం 1886-87 చలికాలంలో ఈజిప్టులోని అఖ్మీమ్‌లో ఒక సన్యాసి సమాధిలో దొరికింది. సమాధి నుంచి ఆకాశాన్ని దాటే ఎత్తున క్రీస్తు బయటికి రావడం, వెనక నడిచి వచ్చిన సిలువ మాట్లాడటం అందులో చూస్తాం. సెరాపియన్ వద్దన్న కొన్ని వందల ఏళ్ల తర్వాత కూడా దాన్ని ఎవరో రాసిపెట్టారంటే దాని మీద మమకారం చావలేదన్న మాట.

అదే కాలంలో ఉత్తర ఆఫ్రికాకు చెందిన క్రైస్తవ రచయిత తెర్తుల్లియన్ రాసిన మరో సంగతి నన్ను ఇప్పటికీ ఆలోచింపజేస్తుంది. పౌలు శిష్యురాలు తెక్ల కథ చెప్పే గ్రంథాన్ని ఆసియా రాష్ట్రంలోని ఒక సంఘ పెద్ద రాశాడట. విచారణలో దొరికిపోయి, పౌలు మీద ప్రేమతో రాశానని ఒప్పుకొని పదవి వదులుకున్నాడట. ఆ ప్రేమ కపటమని తెర్తుల్లియన్ కూడా అనలేదు. ఆ పుస్తకం వల్ల తెక్ల తూర్పు సంఘాల్లో గొప్ప పునీతురాలిగా నిలిచింది; సిరియాలోని మాలూలాలో ఆమె పేరిట మఠం నేటికీ ఉంది. ప్రేమతో రాసినంత మాత్రాన పౌలు నోట పెట్టిన మాటలు పౌలువి అయిపోవని మాత్రం ఆనాటి సంఘం నిర్ణయించింది. మీకు ఆ లేఖ రాసిన పెద్దమనిషి చిత్తశుద్ధి గురించి నేను ఇంతకంటే వేరుగా ఏమీ అనలేను.

దర్శనం పొందిన పౌలు ఏం చేశాడు? దమస్కు దారిలో తనకు కలిగిన దర్శనం మీదే ఆయన అపొస్తలత్వం నిలబడింది. అయినా మూడేళ్ల తర్వాత యెరూషలేముకు వెళ్లి పేతురుతో పదిహేను రోజులు గడిపానని గలతీయులకు ఆయనే రాశాడు. పద్నాలుగేళ్ల తర్వాత మళ్లీ వెళ్లి, తాను ప్రకటిస్తున్న సువార్తను అక్కడి పెద్దల ముందు పెట్టాడు. మూడవ ఆకాశానికి కొనిపోబడిన అనుభవాన్ని చెప్పవలసి వచ్చినప్పుడు, ఎవరో ఒక మనుష్యుని సంగతి చెబుతున్నట్టు చెప్పి, అక్కడ విన్నవి పలకదగని మాటలని ఊరుకున్నాడు. ఆయనే థెస్సలొనీకయులకు ‘సమస్తమును పరీక్షించి మేలైనదానిని చేపట్టుడి’ అని రాశాడు. కతోలిక శ్రీసభ 1992లో వెలువరించిన సత్యోపదేశం కూడా వ్యక్తిగత దర్శనాలు, సంఘం ఆమోదం పొందినవైనా సరే, విశ్వాస నిధిలో భాగం కావని చెబుతుంది.

తోమా మన దేశానికి సన్నిహితుడు కనుక ఆయన విషయంలో మనకు ఆవేశం ఎక్కువ. ఆయన భారతదేశ యాత్రను చెప్పే ‘తోమా కార్యములు’ మూడో శతాబ్దం తొలినాళ్లలో సిరియా ప్రాంతంలో పుట్టిన గ్రంథం. వెళ్లనని మొండికేసిన తోమాను యేసు ఒక వర్తకుడికి బానిసగా అమ్మడం, రాజు కోట కట్టమని ఇచ్చిన డబ్బును తోమా బీదలకు పంచి, నీ కోట పరలోకంలో లేచిందని చెప్పడం ఎంతో అందమైన కథలు. అందులోనే ఒక పెళ్లికొడుకు గది తెర తీసి చూస్తే, తోమా రూపంలో యేసు పెళ్లికూతురితో మాట్లాడుతూ కనిపిస్తాడు. తోమా అప్పటికే బయటికి వెళ్లిపోయాడు కదా అంటే, నేను తోమాను కాను, అతని సోదరుణ్ణి అంటాడు. అపొస్తలుని ముఖం కనిపించినంత మాత్రాన కనిపించింది అపొస్తలుడేనని అనుకోవద్దని ఆ గ్రంథమే చెబుతున్నట్టు నాకు తోస్తుంది. ఆ కథలోని గొండొఫారెస్ రాజు ఒకప్పుడు కల్పనగా తోచాడు. పందొమ్మిదో శతాబ్దంలో అతని నాణేలు వాయవ్య భారతంలోనూ ఆఫ్ఘనిస్థాన్‌లోనూ బయటపడ్డాయి, పెషావరు దగ్గరి తఖ్తే బాహీలో శిలాశాసనమూ దొరికింది. రాజు నిజమైనంత మాత్రాన కోట కథ చరిత్ర కాదు. అయినా ఆ నాణేలను ఎవరైనా చేతిలోకి తీసుకొని పరిశీలించవచ్చు, మరొకరు ఆ పరిశీలనను తప్పుపట్టవచ్చు. అదే గ్రంథపు గ్రీకు పాఠంలో కనిపించే అండ్రపోలిస్ పట్టణాన్ని ఆంధ్రదేశంగా భావించి తోమా మన ప్రాంతానికి వచ్చాడని చెప్పేవారున్నారు. సిరియాక్ పాఠంలో ఆ పట్టణం పేరు సందరూక్. దాని మీద ఇంత మేడ కట్టలేం.

తోమా దర్శనమిచ్చిన కథలు మన తీరానికి కొత్త కావు. పదమూడో శతాబ్దం చివర్లో వచ్చిన మార్కోపోలో, తోమా సమాధి ఉన్న ఊరి గురించి రాస్తూ, 1288లో జరిగిందని ఒక సంగతి చెప్పాడు. అక్కడి దొర ఒకడు దేవాలయానికి చెందిన ఇళ్లన్నిటినీ తన బియ్యంతో నింపి, యాత్రికులకు చోటు లేకుండా చేశాడు. రాత్రి తోమా చేతిలో శూలంతో కనిపించి దాన్ని అతని గొంతుకు ఆనించి, ఇళ్లు ఖాళీ చేయకపోతే చస్తావని హెచ్చరిస్తే, తెల్లవారగానే దొర బియ్యం తీయించేశాడు. ఆ అధ్యాయం ముగిసిన వెంటనే మార్కోపోలో మన మోటుపల్లి గురించీ, చరిత్రకారులు రుద్రమదేవిగా గుర్తించిన రాణి పాలన గురించీ రాస్తాడు కనుక తెలుగు పాఠకులకు ఆ పుటలు పరిచయమే. రెండింటినీ ఒకే మనిషి రాశాడు. మోటుపల్లి రేవు సంగతిని గణపతిదేవుని అభయశాసనంతో పోల్చి చూస్తాం. దొర కల సంగతిని అలా పోల్చి చూడలేం. పదమూడో శతాబ్దంలో ఆ సమాధి చుట్టూ ఎంత గాఢమైన విశ్వాసం ఉండేదో ఆ కల కథ చెబుతుంది. అక్కడి మట్టిని జ్వరానికి మందుగా తీసుకుపోయేవారని కూడా అతనే రాశాడు. మొదటి శతాబ్దంలో ఏం జరిగిందో ఆ కథ చెప్పలేదు.

మా మేనత్త పెళ్లై మద్రాసుకు వెళ్లింది. పరంగిమల కొండ మీది గుడికి వెళ్లి వచ్చిన ఒక రాత్రి తోమా తనకు కలలో కనిపించాడని ఆమె చెప్పేది. పొలం వాటా దగ్గర మా నాన్నతో మాటలు మానేసిన మనిషి, ఆ తర్వాత తానే రైలెక్కి మా ఇంటికి వచ్చి తమ్ముణ్ణి పలకరించింది. ఏం చెప్పాడత్తా అని మేమెంత వేధించినా, ‘నాకు చెప్పింది నేను చేశాను, మీకు చెప్పమని ఆయన అనలేదురా’ అనేది. ఆమె కలను నేను ఎన్నడూ శంకించలేదు, ఆమె కూడా దాన్ని మా మీద రుద్దలేదు. ఆ లేఖ రాసిన పెద్దమనిషి దర్శనాన్ని కూడా నేను ఇదే గౌరవంతో చూస్తాను. ఆయన దానివల్ల మరింత ప్రార్థనాపరుడు అయి ఉంటే సంతోషం. ఆ దర్శనం ఆధారంగా రెండో శతాబ్దపు గ్రంథానికి మొదటి శతాబ్దపు సంతకం పెట్టించి, నమ్మని వారిని అవిశ్వాసులని అన్నప్పుడు మాత్రం అది ఆయన ఒక్కరి సంగతి కాకుండా పోతుంది. మిగతా విశ్వాసులకు అడిగే హక్కు వస్తుంది.

ఇలాంటి వ్యాసాలు వేయవద్దని నేను మిమ్మల్ని కోరడం లేదు. ఈ గ్రంథాల గురించి తెలుగులో ఇంకా చాలా రావాలి. వేసేటప్పుడు ప్రతి భాగం కిందా అది ఏ ప్రతి నుంచి తీసుకున్నదో, ఏ భాషలోదో, ఏ శతాబ్దానిదో, ఎక్కడ పేజీలు పోయాయో ఒక్క వాక్యంలో చెప్పించండి. వ్యక్తిగత దర్శనాలను అచ్చువేసినప్పుడు ఆ వ్యక్తి సాక్ష్యంగానే అచ్చువేయండి. మొన్నటి లేఖకు పెట్టినట్టు ‘తేలిపోయిన నిజం’ వంటి శీర్షిక పెట్టవద్దు. నికయ సభ గురించిన పొరపాటును కూడా వచ్చే ఆదివారం సవరిస్తారని ఆశిస్తున్నాను.

భవదీయుడు,
విశ్రాంత చరిత్రోపాధ్యాయుడు,
గుంటూరు